సిమ్యులేటర్‌లో పాసైతేనే బోర్డు ఇవ్వాలా?

ఏర్పేడు_కోడర్: కంట్రోల్ రూమ్ ఆపరేటర్లకు ట్రైనింగ్ సాఫ్ట్‌వేర్ రాసే టీమ్‌లో ఉన్నా. తిరుపతి చుట్టుపక్కల ప్లాంట్లలో ఇంకా సీనియర్ పక్కన నిలబడి నేర్చుకోవడమే నడుస్తోంది. స్టార్టప్, ట్రిప్ (ప్లాంట్ ఉన్నట్టుండి ఆగిపోవడం) సిమ్యులేటర్‌లో చేసి చూపించినవాళ్లకే బోర్డు, అంటే ప్లాంట్‌ను నడిపే కంట్రోల్ ప్యానెల్, అప్పజెప్పాలంటాను. 2005లో అమెరికాలోని టెక్సాస్ సిటీ రిఫైనరీలో టవర్ 158 అడుగుల దాకా నిండితే, స్క్రీన్ మీద 10 అడుగుల లోపే, అదీ తగ్గుతున్నట్టు కనిపించింది. 15 మంది పోయారు. ప్రాక్టీస్ చేయడానికి వాళ్లకు సిమ్యులేటర్ లేదని విచారణ నివేదికలోనే ఉంది.

రేణిగుంట_బోర్డ్‌మ్యాన్: మీ సిమ్యులేటర్‌లో వాల్వు 40 శాతం ఇస్తే 40 తెరుచుకుంటుంది. మాది 36 దగ్గర బిగుసుకుని, ఇంకాస్త ఇవ్వగానే ఒక్కసారి దూకుతుంది. ముందు దీనికి జవాబు చెప్పండి, అమెరికా సంగతి తర్వాత.

ఏర్పేడు_కోడర్: ట్రెండ్ డేటా ఇస్తే అదీ మోడల్‌లో పెడతాం. టెక్సాస్‌లో తప్పు చెప్పింది వాల్వు కాదు, లెవెల్ ట్రాన్స్‌మిటర్, అంటే లోపల ఎంత నిండిందో కొలిచి స్క్రీన్‌కు పంపేది. మా ట్రైనర్ కావాలనే ఒక ట్రాన్స్‌మిటర్‌ను చెడగొడతాడు. లోపలికి ఎంత వస్తోంది, బయటికి ఎంత పోతోంది అని లెక్క చూసి ఆపరేటర్ పట్టుకోవాలి.

చంద్రగిరి_99: సిమ్యులేటర్‌లో టీ బ్రేక్ ఉంటుందా అన్నా 😀

రేణిగుంట_బోర్డ్‌మ్యాన్: డేటా అడిగితే మా వాళ్లు ఇస్తారా? నైట్ షిఫ్ట్‌లో ఫీల్డ్ కుర్రాడు వాకీటాకీలో "సైట్ గ్లాస్ మసకబారింది అన్నా, ఏం కనపడలేదు" అంటాడు, లెవెల్ కంటితో చూసే గాజు అది. ఆ మాట మీ సాఫ్ట్‌వేర్‌లో ఎవరంటారు?

శ్రీసిటీ_ఇన్‌స్ట్రుమెంట్: 1994లో బ్రిటన్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో 275 అలారాలు వచ్చాయి. అలాంటిది ప్రాక్టీస్ చేయాలా వద్దా, అది చెప్పండి. వాల్వు వదిలేయండి సామీ.

ఏర్పేడు_కోడర్: ఫీల్డ్ ఆపరేటర్ మాటలు పక్క గదిలోంచి ట్రైనరే చెప్తాడు. చూడకుండానే తిడుతున్నారు. మీకు కొత్తది నేర్చుకోవాలంటే భయం, అంతే.

రేణిగుంట_బోర్డ్‌మ్యాన్: భయమా? మా దగ్గరికి సిమ్యులేటర్ చేయడానికి వచ్చిన కుర్రాళ్ల పక్కన కూర్చుని, ఏ పంపు ఎప్పుడు మొరాయిస్తుందో, ఏ గేజ్‌ని నమ్మకూడదో దగ్గరుండి రాయించింది నేను. తర్వాత దాని మీదే నాకు పరీక్ష. నేను ఏళ్లుగా చేస్తున్న స్టెప్పు ప్రొసీజర్‌లో లేదని మార్కులు కోసింది. ఆ మార్కులు నేరుగా హెచ్‌ఆర్‌కు పోయాయి. ఇప్పుడు నేను యుటిలిటీస్‌లో (ప్లాంట్‌కు ఆవిరి, నీళ్లు లాంటివి అందించే విభాగం) ఉన్నా. నేను పని నేర్పిన పిల్లోడు బోర్డు మీద. వాడి తప్పేం లేదు.

శ్రీసిటీ_ఇన్‌స్ట్రుమెంట్: ఈ మాట మొదటే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు కదన్నా.

ఏర్పేడు_కోడర్: మార్కులు ఎవరు చూడాలో మేం చెప్పం. కొన్నవాళ్లు రిపోర్టు అడుగుతారు, ఇస్తాం.

పాకాల_ప్రాసెస్: మా ప్లాంట్‌లో మార్కులే లేవు. ఎక్కడ తడబడ్డామో షిఫ్ట్ వాళ్లమే కూర్చుని మాట్లాడుకుంటాం. నేను సిమ్యులేటర్‌లో రెండుసార్లు బాయిలర్ ట్రిప్ చేశా, ఎవరూ ఏమనలేదు. హెచ్‌ఆర్ చూస్తుందంటే అలా ధైర్యంగా చేసేదాన్ని కాదు.

ఏర్పేడు_కోడర్: మార్కులు లేకుండా ఎవరు తయారయ్యారో ఎలా తెలుస్తుంది మేడమ్? అది ఒప్పుకోను. ప్రొసీజర్‌లో లేని స్టెప్పును సాఫ్ట్‌వేరే తప్పనకుండా, ట్రైనర్‌కు వదిలేయొచ్చేమో. టీమ్‌లో అడుగుతా.

రేణిగుంట_బోర్డ్‌మ్యాన్: ఆ ట్రైనర్ బోర్డు మీద పనిచేసినవాడా, కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాడా? అదీ అడగండి.