తప్పు, తప్పలేదు: ఒకే మాటా, రెండు మాటలా?

విశాఖ పాత ఊళ్లో కతోలిక పిల్లల్ని మొదటి సత్ప్రసాదానికి (చర్చిలో మొదటిసారి కమ్యూనియన్ తీసుకోవడానికి) సిద్ధం చేస్తుంటాను. మొన్న ఆదివారం పాపసంకీర్తనం, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం, ఎలా చేయాలో చెబుతుంటే ఒక అబ్బాయి లేచాడు. "టీచర్, అమ్మకి అబద్ధం చెప్పాల్సి వచ్చింది. తప్పలేదు. అది కూడా తప్పేనా?"

ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. "తప్పు" అంటే దోషం. "తప్పలేదు" అంటే వేరే దారి లేకపోయింది. రెండిటికీ ధాతువు ఒక్కటే. దారి తప్పడం, మాట తప్పడం, గురి తప్పడం, గండం తప్పడం, అన్నిట్లోనూ పక్కకి తొలగడం ఉంది. ఉండాల్సిన దారి నుంచి తొలగితే తప్పు. తొలగడానికే వీల్లేకపోతే తప్పనిసరి. అంటే తొలగే వీలు ఉన్నవాడే తప్పు చేయగలడు. కతోలిక బోధలో స్వేచ్ఛ గురించి చెప్పేది దాదాపు ఇదే. మనిషికి ఎంచుకునే శక్తి లేకపోతే సలహాలు, ఆజ్ఞలు, బహుమానాలు, శిక్షలు అన్నీ వృథా అన్నారు 13వ శతాబ్దంలో పునీత (సెయింట్) థామస్ అక్వినాస్ అనే వేదాంతి. ఆదాము పాపంతో మనిషి స్వేచ్ఛ బలహీనపడిందే గానీ ఆరిపోలేదని కతోలిక బిషప్పుల ట్రెంట్ మహాసభ 1547లో తేల్చి చెప్పింది.

ఈ రెండు మాటల గురించి మీకు తెలిసింది చెప్పండి.

మధురవాడ నుంచి ఒక సభ్యుడు:
గురి తప్పడం అన్నారు కదండీ, బైబిల్‌లో పాపానికి వాడిన హీబ్రూ మాట, గ్రీకు మాట కూడా గురి తప్పడం నుంచి వచ్చినవే. న్యాయాధిపతుల గ్రంథం 20వ అధ్యాయంలో వెంట్రుకకి గురిపెట్టినా తప్పకుండా వడిసెల రాయి విసిరే 700 మంది గురించి ఉంది. అక్కడ "తప్పకుండా" అనేచోట ఉన్నది ఆ హీబ్రూ క్రియే.

నేను:
చాలా సంతోషం అండీ. పిల్లలకి వడిసెల బొమ్మ గీసి చూపిస్తాను.

భీమిలి నుంచి ఒకరు:
మా ఇంట్లో ఏం జరిగినా "నా కర్మ", "నా తలరాత" అంటారు. మీ వాళ్ల పుస్తకంలో "కర్మపాపం" అని చూశాను. అది తలరాత పాపమా అక్కా?

నేను:
కాదు తమ్ముడూ. పుట్టుకతో సంక్రమించేది జన్మపాపం, ఎవరికి వారు చేసుకునేది కర్మపాపం. అక్కడ కర్మ అంటే చేత, చేసిన పని. మాట అసలు అర్థం అదే. వాడుకలోనే అది మన చేతిలో లేనిదైపోయింది. తలరాత భయం కతోలికులకీ కొత్త కాదు. 1846లో విశాఖకి వచ్చిన మిషనరీ గురువుల సభకి 16వ శతాబ్దంలో పుట్టిన పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరు పెట్టారు. ఆయన పారిస్‌లో చదువుకుంటూ, 19 ఏళ్ల వయసులో, దేవుడు తనని ముందే నరకానికి రాసిపెట్టేశాడేమోనని కుంగిపోయి జబ్బుపడ్డాడు. దేవమాత స్వరూపం ముందు ప్రార్థించాక గానీ తేరుకోలేదు.

గాజువాక నుంచి ఒక మేడమ్:
మరి భయంతో, బలవంతం మీద చేసినవాళ్ల సంగతి? వాళ్లకి నిజంగానే తప్పలేదు కదా.

నేను:
అవునండీ, తిరుసభ (కతోలిక చర్చి) కూడా అవునంటుంది. చావైన పాపం, అంటే ఆత్మకి చావు తెచ్చేంత పెద్ద పాపం, కావాలంటే మూడు ఉండాలి: విషయం పెద్దది కావాలి, చేసేది తప్పని బాగా తెలియాలి, మనసారా ఒప్పుకుని చేయాలి. తెలియకపోవడం, భయం, బలవంతం, పాతుకుపోయిన అలవాటు బాధ్యతని తగ్గిస్తాయని, ఒక్కోసారి పూర్తిగా తీసేస్తాయని 1992 నాటి సత్యోపదేశంలో, అంటే కతోలిక బోధల పుస్తకంలో, ఉంది. కానీ తెలిసి కూడా తెలియనట్టు నటిస్తే బాధ్యత తగ్గదు సరికదా, పెరుగుతుంది. "తప్పలేదు" అనే మాటని నేను చాలాసార్లు ఆ నటన కోసమే వాడాను. అందుకే ఇంత పట్టుగా రాస్తున్నాను.

మా పెద్దమ్మ చివరి రోజుల్లో నన్ను చూడాలని కబురు మీద కబురు పెట్టింది. నేను వెళ్లేలోపే పోయింది. తర్వాత పాపసంకీర్తనంలో, "డ్యూటీ టెన్షన్‌లో వెళ్లలేకపోయాను ఫాదర్" అన్నాను. ఆయన కాసేపు ఆగి, "వెళ్లలేకపోయావా అమ్మా, వెళ్లలేదా?" అని మెల్లగా అడిగారు. మన భాషలో ఆ రెండిటికీ తేడా ఒక చిన్న "లేక" మాత్రమే. ఆ నెలలో రెండు ఆదివారాలు నాకు సెలవు. రెండుసార్లూ ఇంట్లోనే ఉన్నాను.

"వెళ్లలేదు ఫాదర్" అన్నాను.