ప్రెస్తీనో రాయి: లెపాంటిక్ వేరే భాషా, గాలిష్‌లో ఒక యాసా?

శిలాక్షరం:
ఇటలీలో కోమో ఊరిని ఆనుకుని ఉన్న ప్రెస్తీనోలో 1966లో దొరికిన పొడవాటి రాతిమెట్టు మీద ఉన్నది ఒకే వాక్యం: ఉవమొకొజిస్ ప్లియలెథు ఉవ్ల్తియవియొపొస్ అరివొనెపొస్ సితెస్ తెతు. ఫలానా ఆయన ఫలానా వారికి ఈ పీఠాలు ఇచ్చాడని తాత్పర్యం. కాలం సుమారు క్రీ.పూ. 480–450. ఫ్రెంచి భాషావేత్త మిషెల్ లెజన్ 1971లో ఈ రాతి భాష లెపాంటిక్‌ను గాల్ (నేటి ఫ్రాన్స్) ప్రాంతపు పాత భాష గాలిష్ నుంచి వేరు చేశారు. నా మాటా అదే. గాలిష్‌లో ‘ఇచ్చాడు’ అంటే దెదె. ఇక్కడ తెతు. ఉ అరిగి ఎ అవదు.

చిన్నప్ప:
అసలు ఇది కెల్టిక్ (ఐరిష్, వెల్ష్, గాలిష్‌ల కుటుంబం) అని ఎలా తేల్చారు? అక్కడి మరో పాత భాష లిగురియన్ కావచ్చుగా?

గోదారిగట్టు:
మొదటి పేరు చూడండి. ఉవమొ- పాత రూపం ఉపమొ-. వేదంలో ‘ఉపమ’ అంటే అత్యున్నతం. ప బలహీనపడి పోవడం కెల్టిక్ గుర్తు. కొజిస్ అంటే అతిథి.

శిలాక్షరం గారూ, ముందు లిపి సంగతి. ఈ రాయి మీది లుగానో లిపిలో త, ద లకు ఒకటే అక్షరం, ప, బ లకు ఒకటే. తమిళ లిపిలో లాగే. కాబట్టి తెతు అంటే దెదు, -పొస్ అంటే -బొస్. ఫ్రాన్స్‌లోని నీమ్‌లో గ్రీకు లిపిలో చెక్కిన గాలిష్ శాసనంలో ‘మాత్రెబొ’ ఉంది, అంటే ‘అమ్మతల్లులకు’. అదే ప్రత్యయం, చివరి స్ పోయింది. అది ప్రెస్తీనో కంటే శతాబ్దాల తర్వాతిది. మీరు తాతనీ మునిమనవణ్ణీ పక్కపక్కన పెట్టి పోలిక లేదంటున్నారు.

శిలాక్షరం:
స్ సంగతి సరే. నా ప్రశ్న తెతు.

గోదారిగట్టు:
సంస్కృతం దదౌ గుర్తు చేసుకోండి, ‘ఇచ్చెను’. తెతు ఆ పాత రూపపు వారసుడు. దెదె గాలిష్‌లో తర్వాత వచ్చిన మార్పు. పాతదాన్ని నిలుపుకోవడం వేరు భాషకు రుజువు కాదు. ఇద్దరూ కలిసి కొత్తగా ఏం చేశారో, విడిగా ఏం చేశారో చూడాలి. భాషావేత్త ఎస్కా 1998లో లెపాంటిక్‌ను గాలిష్ యాస అన్నది అలా చూసే.

శిలాక్షరం:
విడిగా చేసినదే చెబుతున్నా. తండ్రి పేరుతో కట్టే ప్రత్యయం లెపాంటిక్‌లో -అలొస్, గాలిష్‌లో -ఇక్నొస్. ఇటలీలోని తోదీలో దొరికిన లాటిన్–గాలిష్ ద్విభాషా శాసనంలో త్రుతిక్నొస్ అని ఉంది. వెర్జియాతె రాయి మీది లెపాంటిక్ మాటలు ప్రుయమ్, పలమ్ చివర మ్ తర్వాత న్ అయిందంటే ఒప్పుకుంటాను, అది కాలం పని. -అలొస్ ఎంత అరిగినా -ఇక్నొస్ అవుతుందా?

మల్లెతీగ:
రాయి ఇప్పుడు ఎక్కడుంది?

లిపిప్రియ:
కోమో పురావస్తు మ్యూజియంలో.

గోదారిగట్టు:
పేర్లు కట్టే పద్ధతి పక్కవాళ్ళ నుంచి వస్తుంది. ఇటలీలోని పక్క భాష ఎట్రుస్కన్‌లో షష్ఠికి -అల్ ఉంది. లిపి ఇచ్చింది వాళ్ళేగా.

శిలాక్షరం:
సరిపోయింది! నప్పితే కాలం, నప్పకపోతే అరువు. ఇక ఏ శాసనం చూపించినా మీరు ఓడిపోరు. ఇది వాదన కాదండీ, మొండితనం.

గోదారిగట్టు:
మొండితనం ఎవరిదో చదివేవాళ్ళు చూస్తారు. యాస అన్న మాట మీకెందుకంత గుచ్చుతోంది?

శిలాక్షరం:
యాస అనగానే జనం క్రీ.పూ. 390లో రోము మీద పడిన గాల్ జాతివాళ్ళనే తలుచుకుంటారు కాబట్టి. లెపాంటిక్ మాట్లాడిన గొలాసెక్కా సంస్కృతి (ఉత్తర ఇటలీ) వాళ్ళు అంతకు ముందే అక్కడ ఇళ్ళు కట్టుకుని, తమ మాట తామే చెక్కుకున్నారు. కాస్తెలెత్తో తిచీనోలో గిన్నె మీద గీసిన ‘క్సొసియొయిసొ’ క్రీ.పూ. 6వ శతాబ్దానిది. వాళ్ళను దండయాత్రకు తోకగా చేయడం అన్యాయం.

గోదారిగట్టు:
ఆ అన్యాయాన్ని ఆపడానికి రాయి తేదీ చాలు. వేరే భాష అక్కర్లేదు. రోమన్ చరిత్రకారుడు లివీ కూడా మొదటి గాల్ జాతివాళ్ళ రాకను రోము రాజు తార్క్వినియస్ ప్రిస్కస్ కాలంలోనే, అంటే క్రీ.పూ. 600 ప్రాంతంలోనే పెట్టాడు. మీకు కావలసింది వాళ్ళ ప్రాచీనత. దాన్ని నేను కాదనలేదే.

శిలాక్షరం:
ప్రాచీనత ఒక్కటే కాదు, వాళ్ళ భాష వాళ్ళదన్న గుర్తింపూ కావాలి. క్రీ.పూ. 400కు ముందటి లుగానో లిపి రాత ఒక్కటి -ఇక్నొస్‌తో చూపించండి. ఒప్పుకుంటాను.

గోదారిగట్టు:
ఆల్ప్స్‌కు అవతల అదే కాలపు గాలిష్ వాక్యం ఒక్కటి మీరు చూపించండి. అది లేకుండా -అలొస్ అక్కడ ఎప్పుడూ లేదని ఎలా అంటారు?