‘రెండు తూముల భూమి’ అంటే ఏ తూము?

మిర్యాలగూడ నుంచి:
మూసీ పక్క ఒక ఊరి చరిత్ర రాస్తున్నరు. పాత కాగితంల ‘చెరువెనక రెండు తూముల భూమి’ అని ఉంటే, ‘రెండు తూముల నీళ్లు పారే ఆయకట్టు’ అని అర్థం చెప్పిన్రు, అంటే చెరువు కట్ట కింద నీళ్లు వదిలే తూము అనుకున్నరు. సరైనదేనా?

నకిరేకల్ నుంచి:
కాదన్నా. అది గింజలు కొలిచే తూము. రెండు తూముల విత్తనం పట్టే నేల అని. 4 మానికలు కుంచం, 4 కుంచాలు తూము, 20 తూములు పుట్టి. తూముకు 16 మానికలు, పుట్టికి 320. దీన్ని ఎకరాల్లోకి మార్చి మాత్రం రాయొద్దు. మానిక ఊరూరికీ మారేది. పైగా తూమెడు వడ్లు చల్లే మడికన్నా తూమెడు జొన్నలు పట్టే చెలక ఎంతో పెద్దది. ఏ విత్తనమో తెలియకుండా విస్తీర్ణం కట్టలేం.

దేవరకొండ నుంచి:
అంకెతో కలిస్తే ఈ తూము రూపు మారుతది, అక్కడా పొరపాటు పడుతరు. రెండు తూములు ఇద్దుము, మూడు ముత్తుము, ఐదు ఏదుము, పది పందుము. ‘ఏదుం తిన్నా ఏకాశే, పందుం తిన్నా పరగడుపే’ సామెతల ఉన్నవి ఇవే. పావు పుట్టి తిన్నా ఉపవాసమే, అర పుట్టి తిన్నా పరగడుపే అన్నట్టు. పుట్టెడు దుఃఖంల పుట్టి కూడా ఈ కొలతదే.

నకిరేకల్ నుంచి:
ఇక చెరువు తూము సంగతి. దానికి తమిళంల తూంబు, కన్నడంల తూబు ఉన్నయి. గొట్టం లాంటి దారి అని అసలు అర్థం. పాత తూము చూస్తే తెలుస్తది: నీళ్లల్ల రెండు రాతి స్తంభాలు, వాటి నడుమ బెజ్జం కొట్టిన అడ్డరాళ్లు, ఆ బెజ్జాల గుండా దిగే కర్ర, కర్ర కొసకు అడుగు రాతి రంధ్రాన్ని మూసే మొద్దు. కర్ర లేపితే నీళ్లు కట్ట కింది రాతి దారిలో పడి అవతల కాల్వకు పోతయి. మొద్దు అరిగితే మూసినా కారుతది, పూడిక పేరుకుంటే లేపినా పారదు. అన్నిటికన్నా చెడ్డది, రాతి దారి పక్కపొంటి మట్టిల నీరు దారి చేసుకోవడం. మొదట బుంగ, పట్టించుకోకుంటే గండి. అందుకే నీరటి, అంటే చెరువు నీళ్లు చూసుకునే మనిషి, తూము అవతలి కొసన వచ్చే నీటి రంగు చూస్తడు. చెరువుల నీళ్లు తేటగ ఉండి అక్కడ బురదగ వస్తే కట్ట లోపల మట్టి కోసుకపోతున్నట్టే.

మిర్యాలగూడ నుంచి:
మరి రెండింటినీ వాక్యంల ఎట్ల గుర్తు పట్టాలె?

దేవరకొండ నుంచి:
క్రియ చూడండి. చెరువు తూము లేపుతరు, మూస్తరు, తూము పారుతది. గింజల తూము కొలుస్తరు, పోస్తరు, పడుతది. తూమెడు అన్నరంటే కొలతే.

మిర్యాలగూడ నుంచి:
అదే కాగితంల కింద ‘పెద్ద తూము కాడి మడి’ అని ఉంది.

దేవరకొండ నుంచి:
అది చెరువుదే. కొలతకు ‘కాడి’ రాదు. మొదటి దాన్ని మాత్రం ‘రెండు తూముల విత్తనం పట్టే భూమి’ అని దిద్దించండి.