డిజిటల్ సాక్ష్యంపై శిక్షణ లాయర్లందరికీ తప్పనిసరి చేయాలా?

బీచ్‌రోడ్ నల్లకోటు: మన విశాఖ జిల్లా కోర్టులో ఇప్పుడు చేబదులు దావాలోనూ వాట్సాప్ చాటే. 2024 జులై 1 నుంచి పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేయాల్సిన సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో పార్ట్ ఏ దాఖలు చేసేవాళ్లు, పార్ట్ బి ఎక్స్‌పర్ట్ నింపాలి, హ్యాష్ వాల్యూ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే, వేలిముద్రలాంటి కోడ్) రాయాలి. హ్యాష్ తీయడం ఎంతమందికి వచ్చు? స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి సాక్ష్యంగా మార్క్ చేయమంటే అవతలివాళ్లు ఊరుకుంటారా? శిక్షణ తప్పనిసరి చేయాల్సిందే.

గాజువాక సీనియర్: ఆ 'తప్పనిసరి' దగ్గరే నాకు పేచీ. డాక్టర్ని క్రాస్ ఎగ్జామిన్ చేయడానికి ఎంబీబీఎస్ చదివామా? పైగా ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 14 ప్రకారం, మామూలుగా చెల్లని సాక్ష్యాన్ని కూడా జడ్జిగారు తీసుకోవచ్చు. అక్కడే ప్రాక్టీసు చేసేవాళ్లకు ఈ బాదుడెందుకు?

మర్రిపాలెం జూనియర్: ఎంబీబీఎస్ చదవలేదు సార్, కానీ గాయం ఎప్పటిదో అడగడం నేర్చుకున్నారుగా! ఇదీ అంతే. ఫైలు పేరు మారిస్తే హ్యాష్ మారదు. అదే ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గి, హ్యాష్ మొత్తం మారిపోతుంది. ఇది తెలియక పేరు మారిందని 'టాంపరింగ్' అంటూ కేకలేసేవాళ్లు, ఫార్వర్డ్ కాపీని ఒరిజినల్ అనుకుని వదిలేసేవాళ్లు, ఇద్దరూ ఉన్నారు. ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి ఒక పూట చూపిస్తే చాలు.

సబ్బవరం లా స్టూడెంట్: మాకు తీర్పులు బాగానే చెబుతారండి. సుప్రీంకోర్టువి, 2014లో అన్వర్ కేసు, 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసు: పాత చట్టంలోని 65బి సర్టిఫికెట్ తప్పదు, ఫోన్ సొంతదారే బోనెక్కి ఆ ఫోన్నే చూపిస్తే అక్కర్లేదు. పరీక్షకి రాసేస్తాం. హ్యాష్ తీసిన మొహం మాత్రం ఒక్కరూ లేరు.

గాజువాక సీనియర్: జూనియర్ చెప్పినట్టు ఒక పూట చేత్తో చేయించేదైతే నేనే ముందు వరసలో కూర్చుంటాను. పీపీటీ చూపించి, భోజనం పెట్టి, సర్టిఫికెట్ పంచే తంతు అయితే మాత్రం వద్దు బాబూ.

బీచ్‌రోడ్ నల్లకోటు: ఒప్పుకున్నాను. కానీ ఇష్టమున్నవాళ్లకే అంటే, రావలసినవాళ్లు రారు. అందుకే తప్పనిసరి అంటున్నా.

కంచరపాలెం వకీలు: శిక్షణ సరే, పార్ట్ బి సంగతేంటి? ఆ ఎక్స్‌పర్ట్ ఎవరో సెక్షన్ 63లో విడమరచలేదు. నా క్లయింటు చిన్న టిఫిన్ బండివాడు, ఇరవై వేల బాకీకి చాట్ ఒక్కటే ఆధారం. హ్యాష్ నేను తీసినా ఆ సంతకం నేను పెట్టలేను కదా. మీరంతా ఎవరి చేత పెట్టిస్తున్నారు, ఎంత తీసుకుంటున్నారు? అది చెప్పండి ముందు.