నెల్లూరు వైపు రోడ్లకు కారు మడ్‌ఫ్లాపులు: ఏ రకం కొనాలి, బాడీకి బెజ్జం వేయకుండా బిగించడం వీలవుతుందా?

కోవూరు వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా ఇల్లు కోవూరులో, ఉద్యోగం నెల్లూరులో. రోజూ పెన్న వంతెన దాటి వెళ్లి వస్తాను. ఆదివారాలు ఇందుకూరుపేట దిక్కున ఉన్న పొలానికీ, నెలకొకసారి చీమకుర్తిలోని అత్తగారింటికీ ఇదే కారులో వెళ్తాము. కారు చిన్న హ్యాచ్‌బ్యాక్. గ్రౌండ్ క్లియరెన్స్ 170 మిల్లీమీటర్లని దానితో వచ్చిన పుస్తకంలో రాశారు. కొన్నప్పుడు దీనికి మడ్‌ఫ్లాపులు (బురద, రాళ్లు ఎగరకుండా చక్రాల వెనుక వేలాడే ముక్కలు) లేవు, నేనూ పట్టించుకోలేదు.

మొన్న కారు కడుగుతూ చూస్తే, వెనుక చక్రానికి ముందు భాగంలోనూ, తలుపుల కింది అంచు పొడవునా ఆవగింజలంత పెచ్చులు లేచిపోయి ఉన్నాయి. రెండు చోట్ల అప్పుడే ఎర్రగా తుప్పు మొదలైంది. ఎవరైనా గీకారేమో అనుకున్నాను గాని, తెలిసిన పెయింటరు చూసి అవి ముందు చక్రాలు ఎగరగొట్టిన కంకర దెబ్బలని చెప్పారు.

యాక్సెసరీస్ షాపుకు వెళ్తే రెండు రకాలు చూపించారు. ఒకటి మా మోడల్ కోసమే అచ్చు పోసిన గట్టి ప్లాస్టిక్ సెట్టు, రెండోది ఏ కారుకైనా సరిపోతుందనే మెత్తటి వెడల్పాటి రబ్బరు ముక్క. ఏది తీసుకున్నా వెనుక చక్రాల దగ్గర ఇనుప రేకుకు డ్రిల్లుతో బెజ్జం వేయక తప్పదని, పది నిమిషాల్లో అయిపోతుందని అన్నారు. మనసొప్పక తిరిగి వచ్చేశాను. ఇంకో రెండు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి కాబట్టి ఆలోపే పని ముగించాలని ఉంది. ఏ రకం మంచిది, నాలుగు చక్రాలకూ అవసరమా, ఇంటి దగ్గర నేనే బిగించుకోగలనా అన్నది అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

ఒంగోలు ప్రయాణికుడు

చీమకుర్తి దారి పేరు వినగానే రాయాలనిపించిందండి. నేను వారానికి మూడు రోజులు ఒంగోలు నుంచి పొదిలి వైపు వెళ్తాను. గ్రానైట్ లారీల నుంచి రాలిన రాతి ముక్కలు రోడ్డు అంచుల్లో ఎప్పుడూ పడి ఉంటాయి. ఎదురుగా వచ్చే బండికి దారి ఇవ్వడానికి ఒక చక్రాన్ని అంచు మీదికి దించామంటే, ఆ ముక్కలు మన కారుకే తగులుతాయి.

నాలుగూ అవసరమా అని అడిగారు. ముందు చక్రాల ఫ్లాపులు కాపాడేది మన కారునే, అంటే తలుపుల కింది అంచును, వెనుక చక్రం ముందున్న రేకును. వెనుక చక్రాల ఫ్లాపులు మన బంపరు కింది భాగాన్ని కొంత కాపాడినా, అసలు మేలు మన వెనుక వచ్చేవారికే. వానలో మన వెనుక మోటారు సైకిలు మీద భార్యాపిల్లలతో వచ్చే మనిషి ముఖాన బురదనీళ్లు చిమ్మితే అతనికి క్షణం సేపు దారి కనిపించదు. కాబట్టి డబ్బు చాలకపోతే ముందు రెండూ ఇప్పుడు, వెనుక రెండూ వచ్చే నెలలో వేయించండి గాని, వెనుకవి అక్కర్లేదని మాత్రం అనుకోకండి. గుంటలో నిలిచిన నీళ్లు పక్కకు ఎగిసి, రోడ్డు పక్కన నడిచే కూలీల మీద పడటాన్ని ఏ ఫ్లాపూ ఆపలేదు. అక్కడ వేగం తగ్గించడం తప్ప దారి లేదు.

రకం విషయంలో నా ఓటు అచ్చు పోసిన సెట్టుకే. నా కారుకు నాలుగింటికీ కలిపి 550 రూపాయలు అయింది. మూడేళ్లు గడిచినా వంకర పోలేదు.

కావలి మెకానిక్

అయ్యా, ఆ షాపులో డ్రిల్లు వేయనివ్వకుండా మీరు తిరిగి రావడం చాలా మంచిదైంది. ఈ పనిలో ఉన్నవాడిగా, ఫ్లాపు లేక పాడైన కార్ల కంటే ఫ్లాపు తప్పుగా బిగించి పాడుచేసిన కార్లనే నేను ఎక్కువ చూశాను.

చక్రం పైన ఉన్న రేకు అంచుకు బెజ్జం వేసినప్పుడు, కంపెనీలో వేసిన ప్రైమరూ పెయింటూ ఆ చోట తెగిపోయి పచ్చి ఇనుము బయటపడుతుంది. దాని మీదే ఫ్లాపు కూర్చుంటుంది కాబట్టి మధ్యలో చేరిన తడిమట్టి ఎండదు, పైగా బయటికి ఏమీ కనిపించదు. రెండు మూడు వానాకాలాలు గడిచాక ఫ్లాపు ఊడి చేతికి వచ్చినప్పుడు చూస్తే, స్క్రూ పట్టుకోవడానికి రేకే మిగలదు. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

ఇంకొక ప్రమాదం కూడా ఉంది. పెట్రోలు మూత ఏ వైపు ఉంటే ఆ వైపు వెనుక చక్రం పైన, లైనరు (చక్రం పైన లోపలి వైపు ఉండే ప్లాస్టిక్ తొడుగు) వెనకాలే పెట్రోలు గొట్టం పోతుంది. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కార్లలో ప్రతి చక్రం దగ్గరికీ సెన్సారు వైరు వస్తుంది, బ్రేకు గొట్టాలు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. వెనకాల ఏముందో చూడకుండా డ్రిల్లు దింపడం ఎంత అపాయమో మీరే ఊహించుకోండి.

మోడల్ కోసమే చేసిన సెట్టయితే, చాలా కార్లలో లైనరును పట్టి ఉంచే పాత స్క్రూలనే విప్పి, వాటి మధ్య ఫ్లాపును పెట్టి మళ్లీ బిగిస్తే సరిపోతుంది. ముందు చక్రాలకు ఇది దాదాపు ఖాయం. వెనుక మాత్రం కొన్ని కార్లలో ఒక స్క్రూ చోటే ఉంటుంది. అలాంటప్పుడు రెండో స్క్రూను ప్లాస్టిక్ బంపరు అంచుకో, ప్లాస్టిక్ లైనరుకో వేసుకోవచ్చు, ప్లాస్టిక్కు తుప్పు పట్టదు. రేకు అంచును పట్టుకునే క్లిప్పులు కూడా దొరుకుతాయి గాని, క్లిప్పు కింద పెయింటు గీరుకోకుండా పల్చటి టేపు అంటించాలి. ఇప్పటికే రేకుకు బెజ్జం పడినవారు ఫ్లాపు విప్పి, బెజ్జం అంచులను నునుపుగా రుద్ది, తుప్పు పట్టనివ్వని ప్రైమరు పూసి ఒక రోజంతా ఆరనిచ్చి, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూకు రబ్బరు వాషరు వేసి బిగించుకోవాలి.

ఇంటి దగ్గర మీరే చేసుకోగలరు. సమంగా ఉన్న నేల మీద కారు ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాల లోపలి భాగాన్ని పైపు నీళ్లతో బాగా కడిగి పూర్తిగా ఆరనివ్వండి. మట్టి మీద ఫ్లాపు బిగిస్తే, ఆ ఇసుకరేణువులే గరుకు కాగితంలా పెయింటును అరగదీస్తాయి. ఫ్లాపు అంచు పెయింటును తాకే చోట పల్చటి పారదర్శకమైన ఫిల్ము ముక్క అంటిస్తే ఇంకా మేలు. ఎడమ ముందు చక్రం దగ్గర పనిచేసేటప్పుడు స్టీరింగును పూర్తిగా ఎడమకు, కుడి చక్రం దగ్గర పూర్తిగా కుడికి తిప్పితే, టైరు వెనుక భాగం లోపలికి జరిగి స్క్రూడ్రైవరుకు చోటు దొరుకుతుంది. చక్రం విప్పనక్కర్లేదు. వెనుక మాత్రం చోటు చాలక చక్రం తీయాల్సి రావచ్చు. జాకీ ఎక్కించే ముందే మిగతా చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టండి, జాకీ మీద ఉన్న కారు కిందికి తల గాని చెయ్యి గాని పెట్టకండి.

అన్ని స్క్రూలనూ ముందు వదులుగా ఎక్కించి, ఫ్లాపు నిటారుగా కూర్చుందో లేదో చూసుకున్నాకే ఒక్కొక్కటిగా బిగించండి. మొదటి స్క్రూనే గట్టిగా బిగిస్తే రెండో బెజ్జం కలవదు. బలంగా తిప్పితే లైనరులోని ప్లాస్టిక్ మరలు చెడిపోతాయి కాబట్టి, చేతికి పట్టు తగలగానే ఆపాలి. చివరగా స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి, టైరుకూ ఫ్లాపుకూ మధ్య బెత్తెడు ఎడం లేకపోయినా కనీసం మూడు వేళ్లు దూరేంత ఖాళీ ఉందేమో చూడండి.

ఇందుకూరుపేట రైతు

పైన రాసినవన్నీ తారురోడ్డుకు నిజమేనండి. పొలం దారులకు మాత్రం నా అనుభవం వేరు. దమ్ము చేసిన ట్రాక్టర్లు చేలల్లోంచి రోడ్డెక్కినప్పుడు వాటి చక్రాల నుంచి అడుసు గడ్డలు గడ్డలుగా రోడ్డు పొడవునా రాలుతుంది. దాని మీద వాన పడితే మన టైరు ఆ బంకమట్టిని చుట్టుకుంటుంది. గట్టి ప్లాస్టిక్ ఫ్లాపు వంగదు కాబట్టి, ఆ మట్టి టైరుకూ ఫ్లాపుకూ మధ్య చేరి గట్టిపడుతుంది. మా బావమరిది కారుకు అలాగే జరిగి, చివరికి ఫ్లాపు లైనరుతో సహా చీలిపోయింది. గట్టు దారిలో కారు వెనక్కి తీసేటప్పుడూ అంతే, ఫ్లాపు మట్టిపెళ్లను తాకితే ప్లాస్టిక్ విరుగుతుంది, రబ్బరు మడత పడి మళ్లీ నిలబడుతుంది. అందుకే నేను మెత్తటి రబ్బరువే వేయించుకున్నాను. రొయ్యల లారీల నుంచి కారే ఉప్పునీళ్లు కూడా మా దారిలో ఉన్నాయి కనుక, వెడల్పాటి ఫ్లాపు వల్ల కారు కింది భాగానికి ఆ నీళ్లు కొంతైనా తక్కువ తగులుతాయని నా నమ్మకం.

కావలి మెకానిక్

రైతు గారు చెప్పిన మాటలో న్యాయం ఉంది. అయితే వెడల్పాటి రబ్బరు ముక్క ఏ మోడల్ ఒంపుకూ సరిగ్గా కూర్చోదు కాబట్టే, షాపుల్లో దాన్ని బిగించడానికి డ్రిల్లు తీస్తారు. కోవూరు వారికి నా సలహా ఏమిటంటే, వారి మోడల్ అచ్చులోనే వంగే రకం ప్లాస్టిక్‌తో చేసినవి ఉన్నాయేమో అడగాలి. ఫ్లాపును రెండు చేతులతో పట్టి మడిస్తే వంగి తిరిగి రావాలి, తెల్లటి గీత పడితే అది విరిగే సరుకు.

పొడుగు కూడా చూసుకోవాలి. ఖాళీ కారుకు కొలత తీసి కొంటే, ఐదుగురు ఎక్కి డిక్కీలో బియ్యం బస్తా పెట్టినప్పుడు వెనుక భాగం దిగి, స్పీడ్ బ్రేకరు మీద ఫ్లాపు ఈడ్చుకుపోతుంది. కారులో మనుషులను కూర్చోబెట్టాకే నేల నుంచి ఎత్తు కొలవండి. వెడల్పు టైరు కంటే కాస్త ఎక్కువుంటే చాలు, లావు టైర్లు మార్చుకున్న కార్లలో టైరు ఫ్లాపు దాటి బయటికి వస్తే అది ఉన్నా లేనట్టే.

ఒంగోలు ప్రయాణికుడు

నీళ్లలో దిగే విషయం కూడా రాయాలి. 2021 నవంబరులో పెన్న వరదకు పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి తెగినప్పుడు, మేము లోపలి ఊళ్ల దారులు పట్టి రావలసి వచ్చింది. మోకాలి లోతు నీళ్లలో వెనక్కి తిప్పుకునేటప్పుడు క్లిప్పులతో మాత్రమే పట్టించిన నా వెనుక ఫ్లాపు నీటి ఒత్తిడికి ఊడి కొట్టుకుపోయింది, స్క్రూలతో ఉన్న ముందువి నిలిచాయి. క్లిప్పును ఒక్కదాన్నే నమ్ముకోకండి.

కోవూరు వాసి

మీ అందరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే మా మోడల్‌కు వంగే రకం సెట్టు తెప్పించి, నిన్న ఉదయం మా ఇంటి ముందే బిగించాను. ముందు రెండింటికీ పాత స్క్రూలే సరిపోయాయి, ఒక్కొక్కదానికి ఇరవై నిమిషాలు పట్టింది. వెనుక కుడివైపు చక్రం తీయాల్సి వచ్చింది. లైనరు కొద్దిగా పక్కకు లాగి చూస్తే, షాపువాళ్లు బెజ్జం వేస్తామన్న చోటికి జానెడు దూరంలోనే పెట్రోలు గొట్టం కనబడింది. చూడగానే చెమటలు పట్టాయి. రెండో స్క్రూను ప్లాస్టిక్ బంపరు అంచుకే వేశాను. పెచ్చులు లేచిన చోట్ల తుప్పు రుద్ది, పెయింటరు చేత ప్రైమరూ రంగూ పూయించాకే ఫ్లాపులు ఎక్కించాను.

ఒక్క సందేహం మిగిలింది. తలుపుల కింద రేకుకు వరుసగా చిన్న రంధ్రాలున్నాయి, వాటి నిండా మట్టి ఉంది. వాటిని మూసేయవచ్చా?

కావలి మెకానిక్

మూయకండి. తలుపుల లోపలా, కింది దూలంలోనూ చేరిన నీళ్లు బయటికి పోవడానికే వాటిని పెట్టారు. చీపురు పుల్లతో మట్టి తీసి, ప్రతిసారీ కారు కడిగేటప్పుడు చూసుకోండి. ఒక 200 కిలోమీటర్లు తిరిగాక స్క్రూలన్నిటినీ మరొక్కసారి చేత్తో సరిచూడండి, విప్పి బిగించిన చక్రపు నట్లను ఈరోజే చూడండి.