ఉత్తర జపాన్‌కు ఓడలోనా, రైల్లోనా? మాకు 71, 67

రిటైర్డ్_మాస్టారు:
అందరికీ నమస్కారం. నాకు 71, మా ఆవిడకు 67, ఆవిడకు కుడి మోకాలు మార్పిడి అయి రెండేళ్లయింది. అక్టోబరు చివర్లో యొకొహామాలో ఎక్కించుకుని అవొమొరి, హకొదాతె, ఒతారు, దక్షిణ కొరియాలోని బూసాన్ తిప్పి మళ్లీ యొకొహామాలోనే దింపే క్రూయిజ్ ఒకటి చూశాం. పది రాత్రులు. ఇంకా డబ్బు కట్టలేదు. ఈ వయసులో ఓడ మేలా, రైల్లో తిరగడం మేలా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

గోదావరి_గట్టు:
మాస్టారూ, ఓడ వద్దు. నాకు 69, పోయిన ఏడాది మే నెలలో ఒక్కణ్ణే రైల్లో వెళ్లొచ్చాను. టోక్యోలో షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలు ఎక్కితే సుమారు నాలుగు గంటల్లో షిన్-హకొదాతె-హొకుతొ, అక్కణ్ణుంచి లోకల్ రైల్లో ఇరవై నిమిషాలు. దారిలో సైకన్ సొరంగం, 53.85 కిలోమీటర్లు, అందులో 23 కిలోమీటర్లు సముద్రం అడుగునే. అసలు హకొదాతె రాత్రి పూట చూడాల్సిన ఊరు. 334 మీటర్ల కొండెక్కి చూస్తే రెండు పక్కలా నల్లటి సముద్రం, మధ్యలో సన్నటి నడుములా ఊరు, దీపాలన్నీ అక్కడే గుమిగూడి ఉంటాయి. ఓడవాళ్లు సాయంత్రం ఐదింటికల్లా వెనక్కి వచ్చేయమంటారు. అది చూడకపోతే హకొదాతె వెళ్లినట్టే కాదు.

నెల్లూరు_పిల్ల:
బాబాయ్ గారూ, అన్ని ఓడలూ ఐదింటికి బయల్దేరవు. మేం అమ్మతో వెళ్లింది అక్టోబరు చివర్లో, అప్పుడు అక్కడ నాలుగున్నర దాటగానే పొద్దు గుంకుతుంది. మా ఓడ ఎనిమిదింటికి కదిలింది. టాక్సీలో కొండెక్కి దీపాలు చూసి, నింపాదిగా వచ్చి భోంచేశాం. అమ్మకు 74. మాస్టారు గారూ, ఓడే మేలు. సామాను ఒక్కసారి విప్పితే మళ్లీ సర్దేది చివరి రోజే. హకొదాతెలో రేవు రైల్వే స్టేషన్ పక్కనే, పొద్దున చేపలూ పీతలూ అమ్మే బజారు కూడా అక్కడే.

గోదావరి_గట్టు:
కొండ మీద ఎంతసేపున్నారమ్మా?

నెల్లూరు_పిల్ల:
నలభై నిమిషాలు.

గోదావరి_గట్టు:
చూశారా, నేను చెప్పేదీ అదే. నలభై నిమిషాల్లో ఫొటోలు దిగడమే అవుతుంది. నేను రెండు రాత్రులు ఎక్కాను. మొదటి రాత్రి మబ్బు పట్టి ఏమీ కనబడలేదు, రెండో రాత్రి దొరికింది. ఓడవాళ్లకు రెండో రాత్రి ఎక్కణ్ణుంచి వస్తుంది?

పాస్‌పోర్ట్_బాబాయ్:
మధ్యలో బూసాన్ ఉందంటే జపాన్‌లోకి రెండోసారి వస్తున్నట్టు లెక్క. మన పాస్‌పోర్టు మీద ఇచ్చే టూరిస్టు ఈ-వీసా సింగిల్ ఎంట్రీ, అది చాలదు. డబ్బు కట్టే ముందే చూసుకోండి.

మందుల_కొట్టు:
ప్రిస్క్రిప్షన్ మందులు నెల రోజులకు సరిపడా వరకే తీసుకెళ్లండి, అంతకు మించితే ముందే అనుమతి కాగితం కావాలి. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటితే అసలు తీసుకెళ్లకూడదు. బీపీ, షుగరు మాత్రలు మాత్రం చేతి సంచిలోనే.

కాకినాడ_కాజా:
శాకాహారులైతే జాగ్రత్తండీ, అక్కడ నూడుల్స్ పులుసులో కూడా ఎండుచేప ఉంటుంది. ఓడలో ముందే చెప్పిపెడితే మన తిండి వండిస్తారు.

నెల్లూరు_పిల్ల:
అదీ సంగతి. తిండి, డాక్టరు, పడక అన్నీ ఒక్కచోట. పెద్దవాళ్లకు ఇంకేం కావాలి?

గోదావరి_గట్టు:
ఇంకేం కావాలా? అమ్మా, కోపం తెచ్చుకోకు. మీ అమ్మగారిని టాక్సీ ఎక్కించావు, కొండెక్కించావు, మళ్లీ ఓడెక్కించావు. ఆవిడ తనంతట తాను ఒక్క వీధైనా నడిచారా? మా అబ్బాయి నన్నూ అలాగే తీసుకెళ్తానన్నాడు. ఒక్కడివే వద్దు నాన్నా అంటూ ఆరు నెలలు గొడవపడి, చివరికి నా పాస్‌పోర్టు తీసి తన బీరువాలో పెట్టుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఉద్యోగం చేసినవాణ్ణి, నా పాస్‌పోర్టు నేను అడుక్కుని తెచ్చుకున్నాను.

నెల్లూరు_పిల్ల:
మీ అబ్బాయి మీద కోపం నా మీద తీర్చుకుంటే ఎలా బాబాయ్ గారూ? మూడేళ్ల క్రితం అమ్మను జపాన్‌కే గ్రూప్ టూర్‌లో తీసుకెళ్లాను. ఏడు రాత్రులు, ఐదు హోటళ్లు. అక్కడ మామూలు హోటళ్లలో బాత్రూం నేల గది నేల కంటే ఒక మెట్టు ఎత్తులో ఉంటుంది. రాత్రి రెండింటికి లేచింది. ముందు రోజు గదిలో తలుపు ఎడమ పక్కన ఉండేది, నిద్రమత్తులో అదే గది అనుకుంది. కాలు ఆ మెట్టుకు తగిలి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఫోను పట్టుకుని ఒక్కో మాటా అనువాదం చేయించుకుంటూ తెల్లవార్లూ కూర్చున్నది నేను, మీ అబ్బాయి కాదు. ఓడలోనూ బాత్రూం గడప ఎత్తే. కాకపోతే పది రాత్రులూ అదే గడప.

గోదావరి_గట్టు:
ఈ మాట మొదటే చెప్పాల్సిందమ్మా. నేను ఆ వీధి మాట అని ఉండాల్సింది కాదు. కానీ గది మారకూడదంటే ఓడే ఎక్కాలా? హకొదాతెలో యునొకావా అని వేడినీటి బుగ్గలున్న పేట ఉంది, స్టేషన్ నుంచి ట్రాములో అరగంట. అక్కడే ఐదు రాత్రులు ఉండొచ్చు. అలిసిపోయిన రోజు గదిలోనే పడుకుంటారు, రమ్మని పిలిచే గైడు ఉండడు.

నెల్లూరు_పిల్ల:
పడుకున్నప్పుడు బానే ఉంటుంది. రాత్రి రెండింటికి ఏదైనా అయితే? మీరు వెళ్లింది ఒక్కరు, కాళ్లు గట్టివి. వీళ్లు ఇద్దరు, ఒక మోకాలు ఆపరేషన్‌ది. ఆవిడ పడితే మాస్టారు ఒక్కరే లేపాలి.

గోదావరి_గట్టు:
పడతారేమోనని ఎక్కడికీ వెళ్లనివ్వకపోతే ఇంట్లో మాత్రం పడరా? వాళ్ల భయం వాళ్లు పడతారు, మన భయం వాళ్ల నెత్తిన ఎందుకు?

నెల్లూరు_పిల్ల:
పడ్డాక ఫోను వచ్చేది నాకు. అది మీకు ఎప్పటికీ అర్థం కాదు.

విశాఖ_తీరం:
ఓడైనా గ్యారంటీ లేదు మాస్టారూ, గాలి ఎక్కువైతే కెప్టెన్ ఒక ఊరు వదిలేసి వెళ్లిపోవచ్చు. హకొదాతె ఒక్కటే నమ్ముకుని కట్టకండి.

రిటైర్డ్_మాస్టారు:
అందరికీ కృతజ్ఞతలు. వీసా సంగతి మాకు తెలియనే తెలియదు. ఇదంతా మా ఆవిడకు చదివి వినిపించాను. కొండ గురించి ఏమీ అనలేదు గానీ నెల్లూరు అమ్మాయి రాసింది రెండోసారి చదివించుకుంది. ఓడలో బాత్రూం గడప మీద మెరిసే టేపు అంటించుకోనిస్తారా అని అడగమంటోంది.

నెల్లూరు_పిల్ల:
అంటించుకోవచ్చు బాబాయ్ గారూ. మేం పసుపు టేపు అంటించాం, దిగేటప్పుడు తీసేశాం, ఎవరూ ఏమీ అనలేదు. గడప లేని గదులు కూడా కొన్ని ఉంటాయి, త్వరగా అయిపోతాయి, ఇవాళే అడగండి.

గోదావరి_గట్టు:
మాస్టారూ, హకొదాతెలో ఓడ ఎన్నింటికి కదులుతుందో అదీ అడగండి.