టెంకాయ మానుకు ఎర్రటి జిగురు కారుతోంది, ఏ తెగులు?

అనంతపురం_పెరడు:
పెరట్లో 12 ఏండ్ల టెంకాయ చెట్టు. ఎర్రనేల, బోరు నీళ్లు. ఎండాకాలమంతా నీళ్లు చాలలేదు, మొన్నటి వానలకు పాదు నిండా నిలబడ్డాయి. ఇప్పుడు నేలకు మూడడుగుల ఎత్తున మాను నిలువుగా పగిలి ముదురు ఎరుపు జిగురు కారుతోంది, కారింది ఎండి నల్లబడింది. కింది మట్టలు రెండు పసుపు తిరిగాయి. కాపు తగ్గలేదు. కొట్టేయాల్సిందేనా?

కడప_తోటసాగు:
కొట్టేసే మాట ఇప్పుడే వద్దు సార్. ముందు భయపడాల్సింది గానోడెర్మా తెగులుకు. అది వేర్లలో మొదలవుతుంది కాబట్టి కారడం నేలకు ఆనుకొని మొదలై పైకి పాకుతుంది. మాను మొదట్లో అడుగు లోతు మన్ను తీసి వేర్లు చూడండి. గోధుమ రంగుకు తిరిగి మెత్తబడి ఉంటే అనుమానించాలి. మొదట్లో చెక్కలాంటి గట్టి పుట్టగొడుగు కనిపిస్తే ఇక సందేహమే లేదు. అయితే అది తెగులు ముదిరాకే వస్తుంది, లేదు కదా అని ధీమా పడొద్దు. కింది మట్టలు రెండు పండటం మామూలే. వరుసంతా వాడి మాను చుట్టూ వేలాడితేనే చిక్కు.

కర్నూలు_మొక్కలు:
ఎర్రముక్కు పురుగునూ చూడండన్నా. మానుకు రంధ్రం, అందులోంచి నమిలిన పీచు వస్తుంటే అదే. పొద్దున సద్దు లేనప్పుడు చెవి ఆనించి వినండి, లోపల కొరికే శబ్దం తెలుస్తుంది. ఊరికే కత్తితో గాట్లు మాత్రం పెట్టొద్దు. మామిడి, వేపకు గాయం పూడుతుంది, టెంకాయ మానుకు జన్మలో పూడదు.

అనంతపురం_పెరడు:
చూశాను. వేర్లు గట్టిగానే ఉన్నాయి, పుట్టగొడుగు లేదు, రంధ్రం గానీ పీచు గానీ లేదు, శబ్దమూ లేదు.

కడప_తోటసాగు:
అయితే కాండం కారు తెగులే. ఎండకు బెట్టపడిన మాను ఒక్కసారిగా నీళ్లు తాగితే పగులుతుంది, ఆ పగులులోంచి శిలీంధ్రం దూరుతుంది. పైకి కనిపించే మచ్చకన్నా లోపలి కుళ్లు పెద్దది. ఉలితో కుళ్లిన భాగం వరకే, మంచి కండ తగిలేదాకా చెక్కండి. చెక్కిన ముక్కలు పాదులో వదలకుండా కాల్చేయండి, మంట మాత్రం చెట్టుకు దూరంగా. గాయానికి 10 శాతం బోర్డో పేస్టు పూయాలి: మైలుతుత్తం 100 గ్రాములు అర లీటరు నీటిలో, సున్నం 100 గ్రాములు మరో అర లీటరులో విడిగా కరిగించి, ప్లాస్టిక్ బకెట్లో కలపండి. ఇనుప పాత్ర వాడితే తుత్తం పాడవుతుంది. పేస్టు ఆరాక తారు పూస్తే వాన నీళ్లు దిగవు.

వేరు ద్వారా హెక్సాకొనజోల్ 5% మందు 2 మి.లీ. 100 మి.లీ. నీటిలో కలిపి ఇవ్వండి. పెన్సిలంత లావు లేత వేరును ఏటవాలుగా కోసి, మందున్న పాలిథిన్ సంచిలో మునిగేలా కట్టాలి. రెండు రోజుల్లో పీల్చకపోతే వేరే వేరు వెతకండి. మూడు నెలలకోసారి మళ్లీ ఇవ్వాలి. మందుకు ముందే కాయలు దింపుకోండి, తర్వాత 45 రోజులు బోండాం కూడా తాగొద్దు.

కర్నూలు_మొక్కలు:
పాదులో ఏడాదికి 5 కిలోల వేపపిండి, 50 గ్రాముల ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాన్ని అణిచే మేలు శిలీంధ్రం) కలిపి వేయండి. బోర్డో పాదులోకి కారితే ట్రైకోడెర్మా చచ్చిపోతుంది, అందుకే గాయం పని అయిన కొన్ని వారాలకు వేయడం మేలు. వాన నీళ్లు నిలవకుండా కాలవ తీయండి. ఎండాకాలం కొంచెం కొంచెంగా రోజూ తడిపితే కొత్త పగుళ్లు రావు.